యాంటెన్నా తిప్పిందెవరు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా ఆవిడ ఒక్క మాటలో తేల్చేస్తుంది. "సముద్రంల దిక్కులు చూస్తరు." విన్నవాళ్లలో సగంమంది మర్నాటికల్లా ఇంటి ప్లాను జిరాక్సు పట్టుకుని దిగిపోతారు. మెట్లు నైరుతిలో ఉంటే ఏమవుతుందో చెప్పమంటారు. నేను వాస్తు చూడనంటే నమ్మరు, బెట్టు చేస్తున్నాననుకుంటారు. ఇన్నేళ్లలో ఈ సంగతికి ఒక్కసారైనా నవ్వుకున్నానేమో గుర్తులేదు గానీ, ఒళ్లు మండటం మాత్రం ప్రతిసారీ గుర్తుంది.

అసలు అశోక్‌నగర్‌లో కూర్చుని సముద్రం గురించి మాట్లాడటమే విడ్డూరం. మా వీధి నిండా పోటీ పరీక్షల పిల్లలు, వాళ్ల హాస్టళ్లు, స్టడీ హాళ్లు, జిరాక్సు షాపులు. నీళ్లంటే ఇక్కడ ఎవరికైనా రోజు విడిచి రోజు వచ్చే నల్లా గుర్తొస్తుంది. నేను పొద్దున్నే చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, మధ్యలో మారి, ఊరవతల ఉన్న ఆఫీసుకు వెళతాను. అక్కడ సముద్రం తెరమీద బాణం గుర్తుల్లా ఉంటుంది. ఏ బాణం ఎటు చూపిస్తే అక్కడ నీళ్లు అటు పోతున్నట్టు.

ఆ బాణాలు ఎలా వస్తాయో మా ఆవిడకు ఎన్నిసార్లు చెప్పానో. ఒడ్డున రాడార్ ఉంటుంది. అది రేడియో తరంగాలను సముద్రం మీదికి పంపితే అలలకు తగిలి వెనక్కి వస్తాయి. ఎంతసేపటికి వచ్చాయన్నదాన్ని బట్టి దూరం తెలుస్తుంది. వచ్చేటప్పటికి ఎంత మారాయన్నదాన్ని బట్టి నీళ్ల వేగం తెలుస్తుంది. ఈ రెండూ పెద్ద పని కాదు. ప్రాణం తోడేసేది మూడోది, ఆ ప్రతిధ్వని ఏ దిక్కునుంచి వచ్చిందన్నది. మా స్టేషన్లలో పెద్ద పెద్ద యాంటెన్నా వరసలు లేవు. ఒక స్తంభం మీద ఒక పెట్టె, ఆ పెట్టెలో మూడు యాంటెన్నాలు. ఒకే కబురు ముగ్గురి చెవిన పడితే ఒకరికి గట్టిగా, ఒకరికి సన్నగా, ఇంకొకరికి మామూలుగా వినపడ్డట్టు. ఆ తేడాలన్నీ కలిపి లెక్కకట్టి, ఇది ఫలానా దిక్కునుంచి వచ్చిందని చెప్పాలి. ఒక్కోసారి అదే వేగంతో రెండు చోట్లనుంచి వస్తుంది. వచ్చింది ఒకచోటినుంచా, రెండు చోట్లనుంచా అన్నది లెక్కే తేల్చుకోవాలి. తప్పు తేల్చుకుంటే నీళ్లు లేనిచోట బాణాలు పుట్టుకొస్తాయి. ఇరవై ఏళ్లుగా నా పని అదే, ఆ లెక్కతో కుస్తీ.

పోయిన వానాకాలం కోస్తాలో మా స్టేషన్ ఒకదాంట్లో పెట్టెలోకి నీళ్లు దిగాయి. దాన్ని దించి, బాగుచేయించి, మళ్లీ స్తంభం ఎక్కించడానికి నేనే వెళ్లాను. ఒక్కరోజు పని. వానలో తడుస్తూ బిగించి తిరిగొచ్చాను. తర్వాత రెండు నెలలు తుఫాన్లు, కరెంటు కోతలు, అతుకుల బొంత లాంటి డేటా. దాన్ని ఎవరూ సరిగ్గా చూడలేదు, నేనూ చూడలేదు. వానలు తగ్గి తెర నిండా బాణాలు వచ్చాక, మా పటాలు వాడే ఓడరేవు వాళ్లు ఉత్తరం రాశారు. మీ రాడార్ ప్రకారం తీరం వెంట పోవలసిన నీళ్లు నేరుగా ఊళ్లోకి నడుస్తున్నాయి, సరిచూడగలరు అని. చాలా మర్యాదగా రాశారు. ఆ మర్యాదకే నాకు ఎక్కువ మండింది.

మూడు వారాలు లెక్కను పట్టుకుని పీక్కున్నాను. ఒకచోటా రెండు చోట్లా అని తేల్చుకునే హద్దును పెంచాను, తగ్గించాను. నీళ్లు ఊళ్లోకి నడుస్తూనే ఉన్నాయి. చివరికి ఓడలను పట్టుకున్నాను. ఓడలు కూడా రాడార్‌కు కనపడతాయి, పైగా తామెక్కడున్నదీ తామే రేడియోలో చెబుతుంటాయి. కాబట్టి ఓడ నిజంగా ఉన్న దిక్కుకూ మా లెక్క చెప్పిన దిక్కుకూ తేడా చూడొచ్చు. ఫిర్యాదు వచ్చిన వారంలో కనపడ్డ ఓడలన్నిటినీ చూశాను. ప్రతి ఓడా దాదాపు పదహారు డిగ్రీలు, అన్నీ ఒకే పక్కకు తప్పాయి. లెక్క తప్పితే తేడా చెదురుమదురుగా ఉంటుంది. ఇంత పద్ధతిగా తప్పిందంటే లెక్క తప్పు కాదు, పెట్టే తిరిగింది. లెక్క దిక్కు చెప్పేది పెట్టెను బట్టే. ఆ పెట్టె ఎటు చూస్తోందన్న విషయంలో మాత్రం అది మన మాటే నమ్ముతుంది.

ఇక పెట్టెను తిప్పిందెవరు? ఆ స్టేషన్‌లో ఉండేది ఒక్కడే మనిషి, కాపలాదారు. యాభై దాటినవాడు. కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. మిషన్ల గది పక్కన చిన్న గదిలో అతనూ భార్యా ఉంటారు. ఆ స్తంభానికి కట్టిన తాళ్ల మీద ఒకసారి వాళ్ల బట్టలు ఆరేసి ఉండటం నేను కళ్లారా చూశాను. ఇంకేం కావాలి? "అమర్చిన తర్వాత యాంటెన్నా తిప్పబడింది, కాపలాదారు అజాగ్రత్త కారణం కావచ్చు" అని నోటు రాసి పైకి పంపాను. రాసి హాయిగా టీ తాగాను. నా లెక్క తప్పలేదన్న సంతోషం అది, దాచుకోవడం ఎందుకు.

వారం తిరగకుండానే కాంట్రాక్టరు అతనికి చెప్పేశాడు, ఒకటో తారీఖునుంచి కొత్త మనిషి వస్తాడని. పని పోతే గది కూడా పోతుంది. అప్పటినుంచి కాపలాదారు ఫోన్లు మొదలయ్యాయి.

మొదటి రెండుసార్లు మీటింగులో ఉన్నానని కట్ చేశాను. మూడోసారి నారాయణగూడ చౌరస్తాలో బండి మీదుండగా మోగింది. పక్కకు తీసి ఆపాను. వెనకనుంచి ఆటోలు హారన్లు, ముందునుంచి పోలీసు విజిలు.

"సార్, నేను దాన్ని ముట్టుకోలేదండి," అన్నాడు. "బట్టలకి వేరే తాడు కట్టుకున్నామండి. మీరు కోప్పడిన దగ్గర్నుంచీ ఆ తాళ్ల జోలికే పోలేదండి."

"నువ్వు ముట్టుకోకుంటే అదెట్ల తిరిగింది? గాలికి తిరిగిందా?"

"గాలికి తిరగదండి. బోల్టులు నేనే బిగించానండి, మీ ఎదురుగానే. కదిలే సమస్యే లేదండి."

తన మీదికి వచ్చే మాట తనే చెబుతున్నాడు, కొంచెమైనా తెలివి లేదు అనుకున్నాను.

"గాలికి తిరగదు, నువ్వు తిప్పలేదు. మరి దయ్యమొచ్చి తిప్పిందా?"

"అదికాదండి, ఆ రోజు మనం పెట్టినప్పుడు గీతలు..."

"గీతలు, బొమ్మలు నాకు చెప్పకు. ఓడలు చెప్తున్నయి తిరిగిందని. ఓడలు అబద్ధమాడ్తయా?"

"ఓడల సంగతి నాకు తెలీదండి," అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి, సిగ్నల్ పడేలోపు చౌరస్తా దాటాను.

ఆ ఆదివారం మా ఇంట్లో వేరే పంచాయితీ. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నడవమని డాక్టరు చెప్పాడు. కవాడిగూడలో ఉండే వాళ్ల అక్క మాత్రం, లోపం మోకాళ్లలో లేదు, గుమ్మంలో ఉందని చెప్పింది. చెప్పి ఊరుకోకుండా వాస్తు చూసే పంతులుగారిని పంపింది. గుమ్మం జరపాలంటే గోడ కొట్టాలి కాబట్టి, అదే పూటకు మేస్త్రీని కూడా మాట్లాడి పెట్టింది. పాలమూరునుంచి వచ్చి బాగ్ లింగంపల్లి బస్తీలో చాలా ఏళ్లుగా ఉంటున్న పెద్దమనిషి. సుత్తి, ఉలి గోనెసంచిలో చుట్టి గుమ్మం పక్కన పెట్టుకుని, పంతులుగారు చెప్పడం కోసం గోడకానుకుని నిలబడ్డాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఇంట్లో దిక్కులు చూసేవాడు ఉండగా దిక్కుల కోసం బయటివాణ్ణి పిలిచారు.

పంతులుగారు గడప మీద కంపాస్ పెట్టారు. ముల్లు అటూ ఇటూ ఊగి ఆగింది. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని తల అడ్డంగా ఊపారు.

"అమ్మా, మీది తూర్పు గుమ్మం అనుకుంటున్నరు. కాదు. ఆగ్నేయానికి తిరిగింది. ఇన్నేండ్లు ఎట్ల ఉన్నరో ఏమో."

మా ఆవిడ నా వైపు చూసింది, తప్పంతా నాదేనన్నట్టు. తెల్లారితే ఈ గుమ్మంలోంచే ఎండ ముఖాన కొడుతుంది. నేను ఆ మాట అనేలోపే మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.

"పంతులూ, ఏమనుకోకుండ్రి," అన్నాడు. "గా గ్రిల్లు ఇనుమాయె. పక్కపొంటి పెడ్తే ముల్లు గుంజుతది. జర దూరం తీస్కపోయి చూడుండ్రి."

మా గుమ్మానికి ఇనుప గ్రిల్లు తలుపు ఉంది. కంపాస్ సరిగ్గా దాని కిందే ఉంది. మేస్త్రీ వంగి కంపాస్ తీసుకుని, వరండా చివర, పిట్టగోడ మీద పెట్టాడు. ముల్లు మెల్లగా తిరిగి మా గుమ్మాన్ని ఎప్పటిలాగే తూర్పుకు చేర్చింది.

"శానా ఇండ్లల్ల చూసిన సార్," అన్నాడు నాతో. "ఇనుప సలాకలు నిలబెట్టిన కాడ ఒక తీర్గ చూపెడ్తది, బయట ఒక తీర్గ. గోడ కొట్టినంక తెలుస్తది. అప్పటికి కొట్టుడైపోతది."

పంతులుగారు ఓడిపోయే రకం కాదు. "ఇనుము కూడ ఇంట్ల భాగమే కద సార్," అన్నారు. "దాని ప్రభావం దానికి ఉంటది."

ఇక నేను ఆగలేకపోయాను. ఎన్నేళ్లుగా దాచిపెట్టుకున్న కసి అంతా ఆయన మీద తీర్చుకున్నాను. "ఇది బడిపిల్లలకు తెల్సిన ముచ్చట పంతులుగారు. ఇనుము పక్కన కంపాస్ పెట్టొద్దని ఆరో తరగతిల చెప్తరు. దాన్ని చూసి గోడలు కొట్టిస్తున్నరు. అవతలోళ్ల ఇల్లు పోతదన్న సోయి లేదా? అసలు చేతిల కంపాస్ ఉన్నంక మొదలు చూడాల్సింది ఏంది? చుట్టుపక్కల ఇనుము ఏమున్నది, బండి ఏమున్నది..."

బండి అన్నాక నా నోరు ఆగిపోయింది.

ఆ రోజు స్టేషన్‌లో జోరుగా వాన. పెట్టెను స్తంభం ఎక్కించాం. అది ఏ దిక్కుకు చూడాలో ఫైల్లో ఒక అంకె ఉంది. ఫోన్‌లో కంపాస్ తెరిచి, అందులో ఆ అంకె చూపించే వైపుకు పెట్టె మీది బాణం వచ్చేదాకా తిప్పించాలి. గాలికి ఫోన్ నిలవడం లేదు, తెర మీద చినుకులు పడుతున్నాయి. స్తంభానికి ఆనించినట్టు జీపు ఆపుకుని ఉన్నాం. కదలకుండా ఉండాలని ఫోన్‌ను జీపు బానెట్ మీద పెట్టాను. అంత ఇనుము మీద పెట్టాను. కాపలాదారు ఒక చేత్తో నా నెత్తిన గొడుగు పట్టి, రెండో చేత్తో పైకెక్కిన కూలీకి సైగ చేస్తున్నాడు. నేను "ఇంకా, ఇంకా, ఆపు" అంటున్నాను. ఆపాక కాపలాదారే ఎక్కి బోల్టులు బిగించాడు.

"ఏమైంది?" అంది మా ఆవిడ. "గట్ల నిలబడ్డరేంది?"

ఏమీ లేదని చెప్పి లోపలికి వెళ్లి లాప్‌టాప్ తెరిచాను. చెయ్యవలసిన పని రెండు నిమిషాలది. ఫిర్యాదు వచ్చిన వారపు ఓడలు కాదు, పెట్టె బిగించిన మర్నాటి ఓడలు చూడాలి. ఆ డేటా మొదటినుంచీ నా దగ్గరే ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతికాను. ఆ ఉదయం ఓడరేవుకు వచ్చిన మొదటి ఓడ తీశాను. పదహారు డిగ్రీలు. రెండోది, పదిహేను. మూడోది, పదహారు. పెట్టె ఆ తర్వాత ఎప్పుడూ తిరగలేదు. తిరిగిన పెట్టెనే బిగించాం. నా నోటులో మొదటి సగం నిజమే, యాంటెన్నా తిప్పబడింది. ఎవరు తిప్పారన్న దగ్గరే తప్పు రాశాను.

బయట పంతులుగారు టీ తాగుతున్నట్టున్నారు, గ్లాసు చప్పుడు వినపడుతోంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను మూడు వారాలు లెక్కనూ, తర్వాత ఒక మనిషినీ ఆడిపోసుకున్నాను. పంతులుగారు పోగొట్టబోయింది మా గుమ్మం ఒక్కటే. నేను ఒకరి గదినే పోగొట్టాను. సిగ్గేసింది. ఆ సిగ్గులో కూడా నా మీదకంటే ముందు జీపు మీద, వాన మీద కోపం వచ్చింది. నా బుద్ధి అలాంటిది.

కాపలాదారుకు ఫోన్ చేశాను. ఎత్తగానే, ఆ రోజు గీతల గురించి ఏదో అనబోయావు, ఏమిటని అడిగాను.

"పెట్టె దించే ముందు స్తంభానికీ పెట్టెకీ కలిపి తెల్ల రంగుతో గీత గీశానండి," అన్నాడు. "మళ్లీ ఎక్కించేటప్పుడు తేలిగ్గా ఉంటుందని. ఆ రోజు మీరు ఆపమన్నచోట గీతలు కలవలేదండి. వేలెడు తేడా వచ్చింది. మీకు చెప్పానండి. గీత కాదు, ఫోన్ చూడమన్నారు."

అది కూడా అప్పుడు గుర్తొచ్చింది. అన్నాను, అవే మాటలు.

"ఇప్పుడు కలిపెయ్యమంటారా అండి?" అన్నాడు.

"వద్దు. నువ్వు ముట్టుకోకు. నేనొస్త."

"నేను ముట్టుకోనండి," అన్నాడు. "ఎప్పుడూ ముట్టుకోలేదండి."

సోమవారం రెండో నోటు రాసుకుని ఆఫీసులో మా పెద్దాయన గదికి వెళ్లాను. ఆయన చదివి, కాగితం బల్ల మీద పెట్టారు.

"నీ పేరెందుకు?" అన్నారు. "'అమరికలో తేడా' అని రాస్తే సరిపోతది. ఎవరు చేసిన్రని రాసుడు అవసరమా?"

"మొదటి నోట్ల కాపలాదారు అని రాసిన కద సార్. అప్పుడు అవసరమైంది."

ఆయన నా వైపు చిరాగ్గా చూసి సంతకం పెట్టారు. ఆయన చిరాకు నాకు అర్థమయింది. ఆయన స్థానంలో నేనుంటే నేనూ అదే మాట చెప్పేవాణ్ణి. కాంట్రాక్టరుకు ఆయన గదిలోనుంచే ఫోన్ చేశాను. అతను ముందు నసిగి, నోటు కాపీ పంపమన్నాడు, పంపాక కొత్త మనిషిని రావద్దన్నాడు. ఒకటో తారీఖుకు ఇంకా నాలుగు రోజులుంది.

ఆ వారమే రైలెక్కి, దిగి, బస్సు పట్టుకుని, అక్కడినుంచి జీపు మాట్లాడుకుని రాడార్ స్టేషన్‌కు వెళ్లాను. జీపు గేటు బయటే ఆపించాను. కాపలాదారు నన్ను చూసి ఎప్పటిలాగే నమస్కారం పెట్టాడు. భార్య గది గుమ్మంలో నిలబడి ఉంది, లోపలికి రమ్మనలేదు. ఆమె వెనక, గోడవారగా, మూటలు కట్టి ఉన్నాయి. గిన్నెలు, పరుపు, మడిచిన మంచం. విప్పడానికి ఆమెకింకా ధైర్యం చాలలేదు.

ఈసారి ఫోన్ జేబులోంచి తీయలేదు. అతను బోల్టులు వదులు చేసి, పెట్టెను మెల్లగా తిప్పి, తెల్లగీతలు కలిసేచోట ఆపాడు. నేను కింద నిలబడి చూశాను, అంతే నేను చేసింది. రాత్రికి అక్కడే లాడ్జిలో పడుకుని, పొద్దున ఓడలు వచ్చేదాకా ఆగి, లెక్క చూశాను. మొదటి ఓడ ఉన్నచోటే ఉంది. రెండోది కూడా. లెక్క ఎప్పుడూ సరిగ్గానే ఉంది, గీత కూడా సరిగ్గానే ఉంది.

"సరిపోయింది," అని అతనికి చెప్పాను. క్షమించమన్న మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఇంక నీకేం భయం లేదు. ఆఫీసుల అందరికీ చెప్పిన," అన్నాను.

అతను తల ఊపాడు. గదిలోకి వెళ్లి ఒక నోటు పుస్తకం, పెన్ను తెచ్చాడు. స్టేషన్‌కు ఎవరు వచ్చారో, ఎప్పుడు వెళ్లారో రాసుకునే పుస్తకం అది.

"సార్, ఇందులో రాసివ్వండి," అన్నాడు. "ఈ రోజు పెట్టె తిప్పామని. మీరు ఎదురుగా ఉండి తిప్పించారని. ఆ వానరోజు కూడా మీరే తిప్పించారని. మళ్లీ ఎప్పుడైనా తేడా వస్తే నేను చూపించుకోవాలి కదండీ."

ఆఫీసులో నోటు ఉందని చెప్పబోయాను. మొదటి నోటు కూడా ఆఫీసులోనే ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాను. పుస్తకం జీపు బానెట్ మీద పెట్టి రాద్దామనుకున్నాను, జీపు గేటు బయట ఉంది. మోకాలి మీద పెట్టుకుని అతను చెప్పినట్టే రాశాను. అతను తీసుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాడు.

"సంతకం కింద టైము కూడా వెయ్యండి సార్," అన్నాడు.

టైము వేసి ఇచ్చాను. అతను గది వైపు తిరిగి, మూటలు విప్పమని భార్యతో చెప్పాడు.